పరిచర్య పాస్టరుగారి ఒక్కరి పనేనా?

ఆదివారం ఆరాధన ముగిస్తే ఆ వారానికి తమ పని అయిపోయిందనుకునే విశ్వాసులు మన సంఘాల్లో చాలామంది. వాక్యం చెప్పడం, రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థించడం, విశ్వాసం గురించి అడిగేవారికి జవాబివ్వడం అన్నీ పాస్టరుగారి మీదే పడుతున్నాయి. మిగిలినవారిని అడిగితే, మాకేం తెలుసని చెబుతాం అంటారు. ఈ జంకు పోగొట్టాలని ఉజ్జీవ సభలు పెడుతున్నాం. కానీ ప్రసంగం విని తెచ్చుకున్న ధైర్యం ఎన్నాళ్లో ఉండదు. పని అప్పగించి, వెనక ఒకరు నిలబడితే వచ్చే ధైర్యమే నిలుస్తుంది. ఇందుకు సాక్ష్యం తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది.

మాదిగ కుటుంబంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో అప్పుడప్పుడే స్థిరపడుతున్నారు. పేరయ్య ఏ సెమినరీ గడపా తొక్కకుండానే తన ఊరికి వెళ్లి, బంధువులకూ ఇరుగుపొరుగు పల్లెలవారికీ తాను నమ్మింది చెప్పాడు. మరుసటి ఏడాది మొదట్లో క్లౌ అక్కడికి వెళ్లేసరికే జనం సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అక్కడ పని చూసుకున్నదీ, కూలీలతో మాట్లాడిందీ తెలుగు బోధకులే. తిండి కోసమే మతంలో చేరారన్న మాట అప్పుడే వినిపించింది. అందుకే కరువు సాయం ముగిసేదాకా క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఎవరు మనస్ఫూర్తిగా వచ్చారో పల్లెపల్లెనా తెలిసినవారూ వారే. దొర ఒక్కడే చేయాలనుకుంటే ఈ పని ఎన్నటికీ జరిగేది కాదు.

ఇలా సామాన్య విశ్వాసులకు పని అప్పగించడాన్నే దోర్నకల్ డయోసిస్‌లో ఒక పద్ధతిగా మార్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య, కొత్తగా బాప్తిస్మం పొందినవారిని తలమీద చెయ్యి పెట్టుకోమని చెప్పి, సువార్త చెప్పడం తమ బాధ్యతేనని వారి నోటితోనే పలికించేవారు. వారిలో చాలామంది చదువురాని వ్యవసాయ కూలీలు, మాల మాదిగ పల్లెలవారు. అక్షరం వచ్చాక చూద్దామని ఆయన అనలేదు. తరతరాలుగా ఊరి పెద్దల ముందు నోరెత్తనివ్వని మనిషికి, నీ మాట అవసరమని ఒక బిషప్పు చెప్పడం ఎంత పెద్ద విషయమో మనం సరిగా తలచుకోవడం లేదు.

ఇలా అందరికీ పని అప్పగించడం మీద అభ్యంతరాలూ ఉన్నాయి. శిక్షణ లేనివారు తప్పుడు బోధ చేస్తారన్నది మొదటిది. అది నిజమైన భయమే. అయితే దానికి మందు నోరు కట్టేయడం కాదు, నేర్పడం. అపొస్తలుల కార్యములలో అపొల్లోకు తెలియని సంగతులు విడమరచి చెప్పినవారు అకుల, ప్రిస్కిల్ల. డేరాలు కుట్టుకుని బతికే భార్యాభర్తలు వారు. ఒంగోలు మిషను కూడా బోధకుల ఉత్సాహాన్ని గాలికి వదిలేయలేదు, 1870లలోనే రామపట్నంలో సెమినరీ తెరిచి వారికి చదువు చెప్పింది. విశ్వాసులకు పని అప్పగిస్తే పాస్టరుగారి గౌరవం తగ్గుతుందనేవారూ ఉన్నారు. విశ్వాసులను పరిచర్యకు సిద్ధపరచడమే కాపరుల పని అని ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం చెబుతున్నప్పుడు ఆ వాదనకు బలం లేదు.

ఇంకో అభ్యంతరం బయటివారిది. ఇలాంటి ధైర్యం ఊళ్లలో దూకుడుగా మారదా అని వారడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, ఎదుటివారి మనస్సాక్షికీ అంతే రక్షణ ఇచ్చింది. ఇతరుల దేవుళ్లను కించపరచడం, డబ్బు ఆశ చూపడం సాక్ష్యం కానే కాదు. తన విశ్వాసం మీద నిలకడ ఉన్నవారికి వీటి అవసరం రాదు. పొరుగింట్లో జబ్బుపడినవారికి గంజి కాచి ఇచ్చి, అడిగితే తన నమ్మకం గురించి నెమ్మదిగా చెప్పగల మనిషి వల్ల ఊరికి మేలే.

కాబట్టి సంఘ పెద్దలకు ఒక మనవి. మరో సభ పెట్టే ముందు మీ సంఘంలో ఇన్నాళ్లూ వెనక వరుసలో కూర్చున్న ఇద్దరిని పిలవండి. ముఖ్యంగా ఆడవారిని పిలవండి. ఒక గృహకూటమో, రోగుల పరామర్శో వారికి అప్పగించండి. మొదటి కొన్నిసార్లు వెంట వెళ్లండి, తర్వాత వారినే వెళ్లనివ్వండి.