ఆయుధ వ్యయం, ఆరోగ్య వ్యయం: ఒక అగ్రరాజ్య పతనం చెప్పే పాఠం

ఏ రాజ్యానికైనా రెండు విధులు తప్పనిసరి. ప్రజలను శత్రువు బారి నుండి కాపాడడం మొదటిది. ఆకలి, వ్యాధి, అకాల మరణాల నుండి కాపాడడం రెండవది. ఈ రెండు విధులకూ కావలసిన సొమ్ము ఒకే ఖజానా నుండి రావాలి. మొదటి విధికి అంతా ఖర్చు చేసి, మిగిలినదానితో రెండవది నెట్టుకురావాలనుకున్న రాజ్యాలు ఏమయ్యాయో చరిత్ర చెబుతూనే ఉంది. అందులో మనకాలానికి అతి సమీపమైన ఉదాహరణ సోవియట్ యూనియన్. 1991 డిసెంబరులో ఆ అగ్రరాజ్యం ప్రపంచ పటం నుండి తొలగిపోయింది. అప్పటికి దాని దగ్గర వేలాది అణ్వాయుధాలు ఉన్నాయి. బయటి శత్రువెవడూ దాని సరిహద్దు దాటి రాలేదు.

ఈ కథ తెలుగు పాఠకులకు ఎక్కడో జరిగిన వింతగా తోచవచ్చు. కాని దాని ఆనవాళ్ళు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలోనే కనిపిస్తాయి.

ఒకే చేతి నుండి వచ్చిన రెండు వస్తువులు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాలు ఉన్న సంగారెడ్డి పరిసరాలలోనే ఎద్దుమైలారం ఉన్నది. 1984లో అక్కడ కేంద్ర ప్రభుత్వ ఆయుధ కర్మాగారం నెలకొన్నది. సోవియట్ యూనియన్ రూపొందించిన బి.ఎం.పి.-2 అనే సాయుధ శకటాన్ని ఆ దేశపు అనుమతితో ఇక్కడ తయారుచేయసాగారు. దానికి భారత సైన్యం పెట్టిన పేరు ‘శరత్’. పదాతి సైనికులను లోపల కూర్చోబెట్టుకుని, 30 మిల్లీమీటర్ల తుపాకితో కాల్పులు జరుపుతూ ముందుకు సాగే గొలుసుచక్రాల బండి ఇది. అఫ్గానిస్తాన్ యుద్ధంలో సోవియట్ సైన్యం వాడినది కూడా ఈ రకం బండినే. 2021 అక్టోబరులో దేశంలోని ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విభజించినప్పుడు ఎద్దుమైలారం కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది.

ఆ శకటం కంటే ముందే, అదే అగ్రరాజ్యం నుండి హైదరాబాదుకు మరొక వస్తువు వచ్చింది. అది ఔషధ విద్య. 1961లో స్థాపితమైన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ, అనగా ఐ.డి.పి.ఎల్., సోవియట్ సాంకేతిక సహాయంతోనే రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారాన్ని, హైదరాబాదులో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నిర్మించింది. అందులో పనిచేసి నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు తర్వాత సొంత పరిశ్రమలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన డాక్టర్ కె. అంజిరెడ్డి వారిలో ఒకరు. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం మీదుగా విస్తరించిన మందుల పరిశ్రమకు మూలాలు వెదికితే ఆ పాత ప్రభుత్వ కర్మాగారం దగ్గరికి చేరుకుంటాము.

ఇంకొక మేలు కూడా చెప్పుకోవాలి. మశూచిని లోకం నుండి తుడిచివేయాలని 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుట ప్రతిపాదించినది సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానోవ్. ఆ దేశం ఉచితంగా ఇచ్చిన టీకా మందులో పెద్ద భాగం భారతదేశానికి చేరింది. మన పల్లెల్లో అమ్మవారి మచ్చలు లేని ముఖాలతో ఒక తరం పెరగడానికి ఆ టీకా కూడా ఒక కారణం.

ఇతరులకు టీకాలు పంచి, కర్మాగారాలు కట్టించిన ఆ దేశం తన ఇంటిలో ఆరోగ్యాన్ని ఎందుకు నిలబెట్టుకోలేకపోయింది? ఇదే ఇక్కడ తేలవలసిన ప్రశ్న.

మిగిలిన సొమ్ముతో వైద్యం

విప్లవం తర్వాత మొదటి నాలుగైదు దశాబ్దాలలో సోవియట్ ఆరోగ్య వ్యవస్థ సాధించినది తక్కువేమీ కాదు. టైఫస్, మలేరియా అదుపులోకి వచ్చాయి. డాక్టర్ల సంఖ్యలో ఆ దేశం ప్రపంచంలో ముందు నిలిచింది. వైద్యం ఉచితం. కాని 1960ల తర్వాత అమెరికాతో ఆయుధాల పోటీ తీవ్రమైన కొద్దీ బడ్జెట్టులో ఆరోగ్యశాఖ వాటా తగ్గుతూ వచ్చింది. భారీ పరిశ్రమలకు, సైన్యానికి ముందుగా కేటాయించి, ఆ పైన మిగిలినది ఆస్పత్రులకు, బడులకు పంచేవారు. ఈ పద్ధతికి ఆ దేశంలోనే ‘మిగులు సూత్రం’ అని పేరు వచ్చింది.

దాని ఫలితం శిశువుల మీద ముందుగా కనిపించింది. 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లలలో సుమారు 23 మంది ఏడాది నిండకుండా చనిపోతుండగా, 1974 నాటికి ఆ సంఖ్య సుమారు 28కి పెరిగింది. ఆ తర్వాత ప్రభుత్వం ఈ లెక్కలు ప్రకటించడమే మానివేసింది. పెరుగుదలలో కొంత భాగం మధ్య ఆసియాలో జనన మరణాల నమోదు మెరుగుపడినందువల్ల వచ్చినదని పండితులు చెబుతారు. అది నిజమే. కాని పురుషుల సగటు ఆయుర్దాయం కూడా 1960ల మధ్య కాలంలో 66 ఏళ్ళ దరిదాపుల ఉండి, 1980 నాటికి 62కు దిగజారింది. మద్యపానం, గుండె జబ్బులు, పాతబడిన వైద్య పరికరాలు ఇందుకు కారణాలు. యుద్ధం లేని కాలంలో, పారిశ్రామిక దేశంలో ఇలా ఆయుర్దాయం తరగడం అరుదు. ఫ్రెంచి పరిశోధకుడు ఎమాన్యుయెల్ టాడ్ శిశు మరణాల లెక్కలు చూసే 1976లో సోవియట్ వ్యవస్థ కూలిపోతుందని పుస్తకం రాశాడు. క్షిపణులు లెక్కబెట్టిన నిపుణులకు కనిపించనిది ఉయ్యాలలు లెక్కబెట్టినవానికి కనిపించింది.

సైనిక వ్యయం సంగతి వేరు. ఎన్నో ఏళ్ళుగా బడ్జెట్టులో రక్షణ వ్యయం 20 వందల కోట్ల రూబుళ్ళ చిల్లర అని చూపుతూ వచ్చారు. 1989 మే నెలలో గోర్బచేవ్ అసలు సంఖ్య 77.3 వందల కోట్లని పార్లమెంటులో వెల్లడించాడు. అది కూడా తక్కువేనని చాలామంది అనుకున్నారు. జాతీయోత్పత్తిలో 15 శాతం దాకా సైన్యానికే పోయేదని పాశ్చాత్యుల అంచనా. ఆ కాలంలో అమెరికా సైనిక వ్యయం 6 శాతం చుట్టూ ఉండేది. చిన్న ఆర్థిక వ్యవస్థ తనకంటె ఎంతో పెద్దదానితో సమానంగా ఆయుధాలు పేర్చాలనుకుంటే జరిగేది ఇదే.

1987లో ఆరోగ్య మంత్రి అయిన ఎవ్‌గెనీ చాజోవ్ గుండె జబ్బుల నిపుణుడు. అణుయుద్ధాన్ని వ్యతిరేకించే డాక్టర్ల అంతర్జాతీయ సంస్థను అమెరికన్ డాక్టర్ బెర్నార్డ్ లౌన్‌తో కలిసి స్థాపించినవాడు. ఆ సంస్థకు 1985లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. గ్రామీణ ఆస్పత్రులు అనేకం వేడినీళ్ళు లేకుండా, కొన్ని కుళాయి నీళ్ళయినా లేకుండా నడుస్తున్నాయన్న సంగతి ఈయన కాలంలోనే బహిరంగంగా చర్చకు వచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

ముస్లిం ప్రాంతాలు చెల్లించిన మూల్యం

ఈ వ్యవస్థ భారం మధ్య ఆసియా ముస్లిం జనాభా మీద ప్రత్యేకంగా పడింది. కజకిస్తాన్‌లోని సెమిపలాతిన్‌స్క్ మైదానంలో 1949 నుండి 1989 వరకు 456 అణు పరీక్షలు జరిగాయి. చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ఏ గాలి పీలుస్తున్నారో తెలియనివ్వలేదు. అదే కజకిస్తాన్ రాజధాని అల్మా-అతాలో 1978 సెప్టెంబరులో ప్రపంచ దేశాలు సమావేశమై, 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం అందాలని ప్రకటించాయి. పరీక్షా స్థలం, ఆరోగ్య ప్రకటన ఒకే గడ్డ మీద ఉండడం ఆ రాజ్యంలోని వైరుధ్యాన్ని తెలుపుతుంది. 1989లో కవి ఒల్జాస్ సులేమెనోవ్ నాయకత్వాన ప్రజలు ఉద్యమించగా, 1991 ఆగస్టు 29న ఆ మైదానం మూతపడింది.

1979 డిసెంబరులో మొదలైన అఫ్గాన్ యుద్ధం 1989 ఫిబ్రవరి 15 వరకు సాగింది. సుమారు 15 వేల మంది సోవియట్ సైనికులు మరణించారు. అఫ్గాన్ ప్రజల ప్రాణనష్టం దానికి ఎన్నో రెట్లు, లక్షలలో చెప్పవలసినది.

ఇబ్ను ఖల్దూన్ చెప్పినది, దక్కన్ చూసినది

ఈ క్రమం కొత్తది కాదు. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్ను ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో దీనిని వివరించాడు. రాజ్యం కొత్తలో పన్నులు తక్కువ, రాబడి ఎక్కువ. కాలం గడిచిన కొద్దీ పాలకుల విలాసం, సైనికుల జీతాలు పెరుగుతాయి. వాటికోసం పన్నులు పెంచుతారు. పన్నులు పెరిగితే ప్రజలకు శ్రమించే ఉత్సాహం తగ్గుతుంది. శ్రమ తగ్గితే రాబడి తగ్గుతుంది. చివరకు ఏ సైన్యం కోసం ప్రజలను పీడించారో ఆ సైన్యానికే జీతాలు ఇవ్వలేని స్థితి వస్తుంది.

దక్కన్ చరిత్రలో ఇందుకు నిదర్శనాలు కొల్లలు. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ ఖులీ ఖుత్బ్ షా కొత్త నగరంలో చార్మినారుతోపాటు దారుష్షిఫాను కూడా కట్టించాడు. వైద్యశాల, వైద్య విద్యాలయం అందులో కలిసి ఉండేవి. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు 1681 నుండి 1707లో మరణించేవరకు దక్కన్‌లోనే సైన్యాలను నడిపాడు. గెలిచిన కోటల కంటె ఖాళీ అయిన ఖజానాయే మొగలు సామ్రాజ్యానికి మిగిలింది. ఆసఫ్‌జాహీల కాలంలో 1800లో సహాయక సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి మొదలైన ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీకి పోయాయి. వాటికి ‘దత్త మండలాలు’ అని పేరు పడింది. 1853లో హైదరాబాదు కంటింజెంటు సైన్యం జీతాల బాకీ కింద బేరారు కూడా చేతులు మారింది. ఒక సంస్థానం తనపై పెత్తనం చేసే సైన్యాన్ని తానే పోషిస్తూ భూములు కోల్పోవడం ఎంతటి విషాదమో పాఠకులు గ్రహించగలరు.

సొమ్ము ఒక్కటే చాలునా?

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. సోవియట్ పతనానికి ఆయుధ వ్యయం ఒక్కటే కారణం కాదు. 1986లో చమురు ధరలు కూలడం, వ్యవసాయం వెనుకబడడం, జాతుల అసంతృప్తి, చెర్నోబిల్ ప్రమాదం, రాజకీయ నిర్బంధం అన్నీ తోడయ్యాయి. అయితే, ఆరోగ్యం క్షీణించిన జనం ఇటువంటి దెబ్బలకు తట్టుకోలేరు. పనిచేసే వయసు పురుషులు మరణిస్తుంటే కార్ఖానాలే కాదు, సైన్యం కూడా నడవదు.

రెండవ ఆక్షేపణ అమెరికాకు సంబంధించినది. 1953 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, తాను స్వయంగా సేనాని అయి ఉండి, ఒక బాంబర్ విమానం ఖరీదుతో రెండు మంచి ఆస్పత్రులు కట్టవచ్చునని లెక్క చెప్పాడు. నేడు అమెరికా ప్రపంచంలో అందరికంటె ఎక్కువ సైనిక వ్యయం చేస్తున్నది. అయినా జాతీయోత్పత్తిలో సుమారు 17 శాతం, సైన్యానికి పెట్టేదానికి ఎన్నో రెట్లు, వైద్యానికి ఖర్చవుతున్నది. కాని అక్కడి ఆయుర్దాయం 2014లో 78.9 ఏళ్ళు ఉండి 2021 నాటికి 76.4కు పడిపోయింది, తర్వాతనే మళ్ళీ కోలుకున్నది. ఇతర సంపన్న దేశాలు అంతకంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆయుష్షు పొందుతున్నాయి. కాబట్టి ఎంత ఖర్చు చేశారన్నదాని తర్వాత, ఆ సొమ్ము పేదవాని గడపకు చేరినదా అన్నది కూడా అడగాలి.

వక్ఫు చూపిన మార్గం

ఈ విషయంలో ఇస్లామీయ చరిత్రలోని ఒక ఏర్పాటు ఆలోచించదగినది. నూరుద్దీన్ జంగీ 1154లో దమస్కసులో కట్టించిన బీమారిస్తాన్, సుల్తాన్ ఖలావూన్ 1280లలో కైరోలో కట్టించిన మన్సూరీ ఆస్పత్రి రెండూ యోధుల చేతుల మీదుగా వెలసినవే. శిలువ యుద్ధాల కాలమది. సైన్యానికి సొమ్ము ఎంతో అవసరం. అయినా ఆస్పత్రులకు భూములు, దుకాణాలు వక్ఫు చేసి, వాటి రాబడిని యుద్ధ ఖజానాతో సంబంధం లేకుండా వేరుపరచారు. రోగికి అందేది మిగులు కాదు, ముందుగానే కట్టుబడిన హక్కు. వక్ఫులు చక్కగా నడిచినంతకాలం ఆ ఆస్పత్రులు పాలక వంశాలు మారినా నిలిచాయి. ముతవల్లీలు, పాలకులు ఆ ఆస్తులను కాజేసినచోట క్షీణించాయి.

మన ముందున్న లెక్క

2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టింది. 2021–22లో, కోవిడ్ ఖర్చు కలిసిన సంవత్సరంలో కూడా, అది 1.84 శాతమే. అదే ఏడు దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబు నుండి చెల్లించారు. జబ్బు చేసినప్పుడు అప్పు చేయవలసిన కుటుంబానికి ఈ శాతాల అర్థం వేరే చెప్పనక్కరలేదు.

పటాన్‌చెరు ప్రాంతం ఇంకొక హెచ్చరిక కూడా ఇస్తున్నది. ప్రపంచానికి మందులు పంపే ఈ నేల కాలుష్యం సంగతి 1990లోనే సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటె అది ఎక్కువ. ఇటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. ఏ సాయుధ శకటమూ వాటిని సరిహద్దులో ఆపలేదు. ఔషధాలు తయారుచేసే ఊరికి కూడా ఆరోగ్యం ఉచితంగా రాదన్నమాట.

దేశానికి రక్షణ అక్కరలేదని ఎవరూ అనరు. ఎద్దుమైలారంలో పనిచేసే కార్మికుని శ్రమ గౌరవించదగినదే. కాని ఆ కార్మికుని బిడ్డకు జ్వరం వస్తే దగ్గరలో డాక్టరు, మందు ఉండాలి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతు పొలానికి పారే నీరు శుభ్రంగా ఉండాలి. ఇవి కూడా దేశరక్షణలో భాగమే. బడ్జెట్టు వచ్చినప్పుడు రక్షణశాఖ అంకెతోపాటు ఆరోగ్యశాఖ అంకెను కూడా చదివి, తమ ప్రతినిధులను అడిగే అలవాటు ప్రజలకు కలగాలి. స్తోమత గలవారు తమ జకాత్‌లో, వక్ఫులో వైద్యానికి ఒక స్థిరమైన పాలు కేటాయించాలి. మిగిలితే చూద్దామన్న మాట ఒక అగ్రరాజ్యాన్నే నిలబెట్టలేకపోయింది. ఒక పేటను, ఒక కుటుంబాన్ని నిలబెడుతుందని ఆశించడం వృథా.