రోజుకో ప్రశ్న, తేదీతో కట్టిన జవాబు

రోజుకో కాగితం చింపే క్యాలెండర్ మీద తేదీతో పాటు ఒక ప్రశ్న కూడా అచ్చు వేస్తే అది క్విజ్ క్యాలెండర్. ముందువైపు ప్రశ్న, కింద నాలుగు జవాబులు. వెనకవైపు సరైన జవాబు, దాని మీద ఒకటి రెండు వాక్యాల వివరణ. పేరున్న టీవీ క్విజ్ షోల పేరుతో విదేశాల్లో ఇలాంటివి ఏటా వస్తాయి. మన దగ్గర ఇదే పని పత్రికల్లోని ‘మీకు తెలుసా’ శీర్షికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి.

క్విజ్ షోల చరిత్ర పెద్దదే. అమెరికాలో మెర్వ్ గ్రిఫిన్ ‘జెపర్డీ’ని 1964 మార్చి 30న మొదలుపెట్టాడు. అందులో జవాబు ముందు చెబుతారు, పోటీదారు దానికి తగిన ప్రశ్న చెప్పాలి. అంతకు ముందే, 1950లలో, అక్కడి కొన్ని షోలు పోటీదారులకు జవాబులు ముందే చెప్పి ప్రేక్షకులను మోసం చేశాయని బయటపడి పెద్ద దుమారం రేగింది. మన దేశంలో నీల్ ఓబ్రయన్ 1967లో కలకత్తాలో మొదటి బహిరంగ క్విజ్ నిర్వహించాడు. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’ వచ్చింది. 2000 జూలై 3న ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలయ్యాక క్విజ్ అన్నది చదువుకున్న నగరవాసుల వినోదంగా మిగిలిపోలేదు. తెలుగులో 2014లో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’, 2017లో అదే షోకు చిరంజీవి, 2021లో జూనియర్ ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ వచ్చాయి. కన్నడంలో అంతకు ముందే 2012లో పునీత్ రాజ్‌కుమార్ ‘కన్నడద కోట్యధిపతి’ నడిపాడు. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరి లాంటి సరిహద్దు ఊళ్ళకు ఈ రెండు భాషల షోలూ తమవే.

ప్రశ్న రాయడంలో అసలు కష్టం సరైన జవాబు వెతకడం కాదు, మిగిలిన మూడు తప్పులను నమ్మదగినట్టు పెట్టడం. అంతకన్నా కష్టం, జవాబు ఏ తేదీకి, ఏ చోటికి సరైనదో ప్రశ్నలోనే చెప్పడం. 2006 ఆగస్టు 24కు ముందు సౌరకుటుంబంలో గ్రహాలు తొమ్మిది. ఆ రోజు అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చాక ఎనిమిది. క్యాలెండర్‌కు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. దాన్ని చాలా ముందే తయారు చేస్తారు. ‘ప్రస్తుత ముఖ్యమంత్రి ఎవరు’ అన్న ప్రశ్న ఆ కాగితం చింపే రోజుకు తప్పయి కూర్చోవచ్చు. సరిహద్దు జిల్లాలో అయితే ఊరి చిరునామాకు కూడా ఈ చిక్కు తప్పదు.

‘సిరిగేరి ఏ రాష్ట్రంలో ఉంది?’ అన్న ప్రశ్ననే తీసుకుంటే, 1953 సెప్టెంబరు 30 వరకు మద్రాసు రాష్ట్రం. మర్నాడు, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన అక్టోబరు 1న, మైసూరు రాష్ట్రం. 1973 నవంబరు 1న మైసూరు రాష్ట్రానికే కర్ణాటక అని పేరు మారింది కనుక, అప్పటి నుంచి కర్ణాటక. ఊరు కదలలేదు, జవాబు మాత్రం మూడు సార్లు రాయాల్సి వచ్చింది. అందుకే ‘1960లో సిరిగేరి ఏ రాష్ట్రంలో ఉండేది?’ అని అడిగితేనే అది ప్రశ్న. దానికి మద్రాసు, ఆంధ్రప్రదేశ్, మైసూరు, కర్ణాటక అని నాలుగు జవాబులు పెడితే ఏదీ తేలిగ్గా కొట్టిపారేయలేనిదే.

ఆ 1953 నిర్ణయం ఒక్క రోజులో జరిగింది కాదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న మరణించాక, బళ్ళారి జిల్లా తాలూకాలను ఎలా పంచాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. సిరుగుప్ప సహా కన్నడం ఎక్కువగా మాట్లాడే తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా మీద మాత్రం రెండు వైపులా పట్టుదల. దాన్ని తేల్చే పని హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాకు అప్పగిస్తే, ఆయన మైసూరు వైపు మొగ్గారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అక్టోబరు 1 ఆంధ్ర రాష్ట్ర అవతరణ దినం. అదే తేదీ బళ్ళారి చరిత్రలో జిల్లా రెండు రాష్ట్రాల మధ్య చీలిన రోజు. క్యాలెండర్‌లో ఆ రోజు కాగితం మీద ఈ రెండూ ఉండాలి.

అక్టోబరు నెలలోనే మరో కాగితం 12వ తేదీది. 1800లో ఆ రోజు కుదిరిన ఒప్పందంతో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ దత్తమండలాన్ని 1808లో బళ్ళారి, కడప జిల్లాలుగా చేశారు. 1882లో బళ్ళారి నుంచి అనంతపురం విడిపోయింది. 1953లో మూడు తాలూకాలు పోయాయి. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. అప్పటి నుంచి ‘హంపి ఏ జిల్లాలో ఉంది?’ అంటే బళ్ళారి అన్న పాత జవాబుకు మార్కు రాదు. అంతకు ముందు అచ్చయిన జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో అదే సరైన జవాబు.

జిల్లా హద్దులు ఇలా కదలడం వల్ల నాటకరంగం మీద అడిగే ఒక ప్రశ్న చాలా అందంగా కుదురుతుంది. ‘నటుడు బళ్ళారి రాఘవ ఎక్కడ పుట్టాడు?’ పేరు చూసి బళ్ళారి అనేవాళ్ళే ఎక్కువ. సరైన జవాబు తాడిపత్రి. పుట్టింది 1880 ఆగస్టు 2న. తాడిపత్రి ఇప్పుడు అనంతపురం జిల్లాలో ఉంది. కానీ 1880 నాటికి అనంతపురం జిల్లా పుట్టలేదు, తాడిపత్రి అప్పుడు బళ్ళారి జిల్లాలోదే. అంటే ఊరు తప్పు చెప్పినవాడు కూడా జిల్లా సరిగ్గానే చెప్పినట్టు! ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టిన ధర్మవరం కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలోదే. ఆయన వకీలుగా బళ్ళారిలో స్థిరపడి సరస వినోదినీ సభను నడిపాడు. ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపాడు. తెలుగు నాటకం ఎదిగిన ఊరు నేడు కన్నడ రాష్ట్రంలో ఉంది. దాన్ని తెలుగు క్విజ్‌లు మరిచిపోకూడదు.

కొన్ని జవాబులు రాజకీయంతో కాక తవ్వకాలతో, శోధనతో మారతాయి. ‘అశోకుడి పేరు కనిపించే ఒకే ఒక్క శాసనం ఏది?’ అన్న ప్రశ్నకు మస్కి అన్న జవాబు ఎన్నో పుస్తకాల్లో ఉంది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు ఆయనకు కనిపించింది ‘దేవానాం ప్రియ ప్రియదర్శి’ అన్న బిరుదు మాత్రమే. 1915లో రాయచూరు ప్రాంతంలోని మస్కిలో బీడన్ అనే గనుల ఇంజనీరు కనిపెట్టిన శాసనంలో అశోకుడి పేరు దొరికి, ప్రియదర్శి, అశోకుడు ఒక్కరేనని గట్టిపడింది. అప్పటికి మస్కి ఒక్కటే అన్నది నిజం. తర్వాత మధ్యప్రదేశ్‌లోని గుజర్రా, బళ్ళారి జిల్లాలోనే నిట్టూరు, ఉడేగోళం శాసనాల్లోనూ ఆ పేరు బయటపడింది. ‘ఒకే ఒక్క’ అన్న మాట తీసేసి ‘మొదట’ అని అడిగితే ప్రశ్న మళ్ళీ నిలబడుతుంది. నిట్టూరు, ఉడేగోళం సిరిగేరి పిల్లల సొంత జిల్లాలోవి. వాళ్ళ బడి క్విజ్‌లో మస్కి కన్నా ముందు ఇవే రావాలి. కర్నూలు వైపు ఎర్రగుడి మరో మంచి ప్రశ్నకు దారి: అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి.

నీళ్ళ మీద ప్రశ్నలు ఈ వైపు ప్రతి ఇంటికీ తెలిసినవి. సిరుగుప్ప తాలూకా వరికి పేరున్నది. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాది పడినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు సంస్థానాల ఉమ్మడి పని. 1953లో నీళ్ళు వదిలిన కొద్ది నెలలకే కుడివైపు భూమి రెండు రాష్ట్రాల పాలైంది. అందుకే కుడివైపు కాలువలు ఒక రాష్ట్రంలో మొదలై మరో రాష్ట్రంలో ముగుస్తాయి: ఎగువ కాలువ బళ్ళారి మీదుగా అనంతపురం వైపు, దిగువ కాలువ సిరుగుప్ప మీదుగా కర్నూలు వైపు. ఈ నీటి పంపకాన్ని చూడడానికి 1953లోనే తుంగభద్ర బోర్డు ఏర్పడింది.

ఆనకట్టకు ఎన్ని గేట్లు అన్నది ఒకప్పుడు ఇంజనీరింగ్ పరీక్షల్లో మాత్రమే వచ్చే ప్రశ్న. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోవడంతో, మొత్తం 33 గేట్లన్న అంకె రెండు రాష్ట్రాల రైతుల నోళ్ళలోకి వచ్చింది. నిండిన జలాశయం నుంచి నీరు పోతుండగానే, తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడి మార్గదర్శనంలో వారం రోజుల్లో ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ పలకలు దించి నీటిని ఆపారు. ఆగస్టు 10 కాగితానికి ప్రశ్న రాసేవారు ‘ఏ నంబరు గేటు?’ అని అడిగి ఊరుకోకుండా ‘దాని స్థానంలో మొదట ఏం దించారు?’ అని కూడా అడగాలి.