దర్శనమయ్యాక ఇంకేమున్నది?

మా జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు యాత్రకు వచ్చే భక్తులలో చాలామంది నేడు ఒక్కరోజులోనే మూడు క్షేత్రాలు సేవించి వెళ్తున్నారు. తెల్లవారుజామున వేములవాడ రాజన్న, మధ్యాహ్నానికి కొండగట్టు అంజన్న, చీకటిపడే వేళకు ధర్మపురి నృసింహస్వామి. కారున్నది, రోడ్డు బాగున్నది. ఇందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. కాని తిరిగి వెళ్ళేటప్పుడు ఏమి చూశారని అడిగితే, వరుసలో ఎంతసేపు నిలిచినదీ చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి జ్ఞాపకం వస్తుంది. దానిని ఏళ్ళ తరబడి పాఠం చెప్పి కూడా నేను చేసిన పొరపాటొకటి జ్ఞాపకం వస్తుంది.

ఆనందవల్లిలో శ్రుతి ఆనందానికి ఒక లెక్క కట్టింది. యౌవనము, సదాచారము, విద్య, దేహదార్ఢ్యము గలవాడొకడు, సిరితో నిండిన ఈ భూమి అంతా తనదే అయినవాడు ఉన్నాడనుకొనవలెను. వాని సుఖం ఒక మానుషానందం. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఆపైన పితృదేవతలు, దేవతలలోని తరతమ భేదాలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, చివరకు బ్రహ్మ. మొత్తం పది మెట్లు; ప్రతి మెట్టుకూ నూరు రెట్లు. పైపైన చదివేవారికి ఇది పెద్ద పదవులను, పెద్ద సుఖాలను చూపే నిచ్చెన అనిపిస్తుంది. అయితే మానుషానందం దాటిన తరువాత ప్రతి మెట్టు దగ్గరా శ్రుతి ఒక మాట మరువకుండా చేరుస్తున్నది. ఆ ఆనందమే అకామహతుడైన శ్రోత్రియునికి కూడా ఉన్నదట. అంటే ఇంద్రుని ఆనందం కోసం ఇంద్రలోకానికే పోనక్కరలేదు.

శ్రోత్రియుడంటే వేదం చదువుకొన్నవాడు. అకామహతుడంటే కామంచేత హతుడు కానివాడు. కామమంటే కోరిక అని అందరూ ఎరుగుదురు గాని, ‘హత’ శబ్దం మీద మన దృష్టి నిలవదు. హతమంటే దెబ్బతిన్నది. నా బుద్ధికి తోచినంతలో, కంటి ముందున్నదానిని చూడనీయక, రాబోయేదాని వైపు మెడ తిప్పేదే ఆ దెబ్బ. రాజన్న ఎదుట నిలిచి అంజన్న దగ్గర రద్దీ ఎట్లున్నదోనని చింతించడం అటువంటిదే.

అదే ఉపనిషత్తు ఆనందమయకోశాన్ని ఒక పక్షిగా వర్ణించింది. ప్రియం దాని శిరస్సు, మోదం కుడి రెక్క, ప్రమోదం ఎడమ రెక్క, ఆనందం దాని నడుమ భాగం. ఆధారమైన తోక బ్రహ్మమే. ఇష్టమైనది కంటబడినప్పుడు కలిగేది ప్రియం, అది లభించినప్పుడు కలిగేది మోదం, ఆ సంతోషమే ఉత్కర్ష పొందితే ప్రమోదమని శంకర భగవత్పాదుల భాష్యం. ఈ మూడింటిలోనూ దారంవలె సాగుతున్న సుఖసామాన్యమే ఆనందమని కూడా వారే వివరించారు. ఈ మాట ముఖ్యమైనది. చిన్న సంతోషం ఒక జాతి, బ్రహ్మానందం వేరొక జాతి కాదన్నమాట. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునితో చెప్పినదీ ఇదే: సకల భూతాలూ ఆ పరమానందంలోని ఒక మాత్రతోనే బ్రతుకుతున్నాయి. మాత్రమంటే కొంచెమే, కాని ఆ కొంచెమూ దానిలోనిదే.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. వేములవాడలో కోడెమొక్కు తీర్చుకొనే వేళ వెంట వచ్చిన పిల్లవానిని గమనించండి. కోడె కనబడగానే వాని ముఖం వికసిస్తుంది, అది ప్రియం. పగ్గం చేతికిస్తే మోదం. గంగడోలు నిమరనిస్తే ఇక చెప్పనక్కరలేదు, ప్రమోదమే. తండ్రి మాత్రం ‘పద పద, వరుస కదులుతున్నది’ అంటూ ఉంటాడు.

మాఘ ఫాల్గుణాలలో మా కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలలో పసుపు కొమ్ములు ఉడకబెడతారు. ఆ పచ్చి పసుపు వాసన రోడ్డుదాకా వస్తుంది. కళ్ళాలలో ఆరబోసిన కొమ్ములు, మోడువారిన అడవిలో అక్కడక్కడ నిప్పు రాజుకున్నట్లు పూచిన మోదుగులు. ఆ వాసన సోకగానే నా ధర్మపత్ని బస్సు కిటికీ తెరిచేది. దుమ్ము వస్తున్నది, మూయమనేవాణ్ణి.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు సిరిసిల్లలో ఉన్నాము. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. వీధి వీధంతా వాటి మోతే. పాఠం చెబితే నా మాట నాకే వినిపించేది కాదు. కరెంటు పోతే హఠాత్తుగా నిశ్శబ్దం. పక్కింటి నేతకార్మికుడు బయటికి వచ్చి, ముఖం కడుక్కొని, వేపచెట్టు కింద అరుగుమీద కూర్చునేవాడు. సాంచె ఆగితే కూలి ఆగేవాడు. అయినా, ‘గాలి మంచిగొస్తున్నది, కూసోండి అయ్యగారూ’ అనేవాడు. నేను కూర్చున్న రోజులు తక్కువ.

నేను పేదరికాన్ని పొగడుతున్నానని మాత్రం అనుకోవద్దు. సిరిసిల్ల నేతన్నల అప్పులు, ఆత్మహత్యలు ఎరుగనివారు ఈ ప్రాంతంలో లేరు. గాలి కడుపు నింపదు. ఆ సంగతి ఉపనిషత్తుకూ తెలుసు. ఆనందవల్లి తరువాతి భృగువల్లిలో భృగువు తండ్రి ఉపదేశంతో తపస్సు చేసి, అన్నంతో మొదలుపెట్టి, ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి, ఆనందమే బ్రహ్మమని తెలుసుకొన్నాడు. అక్కడితో గ్రంథం ముగియవలసినది గదా! ముగియలేదు. వెంటనే మళ్ళీ అన్నం దగ్గరికే వచ్చింది. అన్నాన్ని నిందించవద్దు, పెంపొందించు, ఇంటికి వచ్చినవానిని కాదనవద్దు అని వ్రతాలు విధించింది. నిచ్చెన ఎక్కినవాడు మొదటి మెట్టును తన్నివేయరాదని దీని తాత్పర్యంగా నేను గ్రహించాను. మీరు అన్నదానానికిచ్చే ద్రవ్యం ఈ వ్రతంలోనిదే.

ఇక నా పొరపాటు. ప్రతి కార్తికమాసంలో మేమిద్దరం ధర్మపురికి వెళ్ళి గోదావరిలో స్నానం చేసి, స్వామి దర్శనం చేసుకొని, యమధర్మరాజుకు కూడా మ్రొక్కి తిరిగివచ్చేవాళ్ళం. ఒక ఏడు దర్శనమైన తరువాత ఆమె, ‘ఏమండీ, మెట్లమీద కాసేపు కూర్చుందామా?’ అన్నది. నా చూపు గడియారం మీద ఉన్నది. ‘దర్శనమైంది గదా, ఇంక ఇక్కడ ఏమున్నది?’ అన్నాను. ఆమె మారు మాటాడలేదు. ఆ ముందురోజే విద్యార్థులకు అకామహత శబ్దానికి వ్యుత్పత్తి చెప్పి వచ్చినవాణ్ణి నేను. మా ఇంట్లో శ్రోత్రియుణ్ణి నేనే. అకామహతత్వం మాత్రం ఆమె వంతుకు వచ్చింది. ఆమె గతించి నాలుగేళ్ళయింది.

నిరుటి కార్తికంలో ఒక్కణ్ణే వెళ్ళాను. దర్శనమైన తరువాత మెట్లమీద కూర్చున్నాను. ఒక ముసలమ్మ ఆకుదొన్నెలో దీపం పెట్టి నీళ్ళలో వదిలింది. అది సాగక ఒడ్డుకే తిరిగివస్తుంటే చేతితో నీళ్ళు నెట్టి మళ్ళీ సాగనంపింది. ఆరవేసిన చీరలు గాలికి లేస్తున్నాయి. అవతల ఇసుకమీద ఒక కొంగ ఒంటికాలిమీద నిలిచి ఉన్నది. ప్రియమేది, మోదమేది అని నేను లెక్కపెట్టలేదు. బస్సు హారను వినబడింది. లేవలేదు. మరొక బస్సు గంటకు గాని లేదని పక్కనున్న పువ్వులమ్మి చెప్పింది.