బల్ల ఒకటి, బ్యాట్లు నాలుగు!

మీకు తెలుసా? ప్రపంచ టేబుల్ టెన్నిస్‌లో మహిళల డబుల్స్ టైటిల్‌ను మొట్టమొదట గెలిచిన ఇద్దరిదీ ఒకే దేశం కాదు! 1928లో స్టాక్‌హోమ్‌లో గెలిచిన జోడీలో మారియా మెద్న్యాన్స్కీది హంగరీ, ఫాన్షెట్ ఫ్లామ్‌ది ఆస్ట్రియా. ప్రపంచ పోటీలు 1926లోనే లండన్‌లో మొదలైనా మహిళల డబుల్స్ పెట్టింది మాత్రం స్టాక్‌హోమ్‌లోనే. వస్తూ వస్తూనే సరిహద్దులు చెరిపేసింది ఈ ఆట!

మెద్న్యాన్స్కీ అంతటితో ఆగిందనుకున్నారా? 1930 నుంచి 1935 దాకా, తన దేశపు అమ్మాయి అన్నా షిపోష్‌తో కలిసి వరుసగా ఆరు టైటిళ్లు కొట్టేసింది! అంటే డబుల్స్‌లోనే ఏడు. సింగిల్స్‌లో ఇంకో ఐదు, మిక్స్‌డ్ డబుల్స్‌లో ఇంకో ఆరు. కూడండి చూద్దాం. పద్దెనిమిది! బంగారు పతకాలకే విడిగా ఒక బీరువా కావాలి.

మహిళల డబుల్స్‌ను యుద్ధానికి ముందు గెలిచి, యుద్ధం అయ్యాక మళ్లీ గెలిచిన మనిషి ఎవరో మీకు తెలుసా? ట్రూడె ప్రిట్జీ. 1939లో కైరోలో హిల్డె బుస్మాన్‌తో కలిసి గెలిచింది. ఆ తర్వాత ప్రపంచం తగలబడింది, పోటీలు ఆగిపోయాయి. మళ్లీ 1947లో పారిస్‌లో బల్లలు వేశారు. గెలిచిందెవరు? మళ్లీ ప్రిట్జీయే! ఎనిమిదేళ్ల విరామం, మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం. ఆమె చెయ్యి మాత్రం తడబడలేదు.

పారిస్‌లో ప్రిట్జీకి జోడీగా ఆడిన హంగరీ అమ్మాయి గిజీ ఫార్కాష్ కథ ఇంకా తమాషా. 1947లో ఆస్ట్రియా ప్రిట్జీతో, 1949లో స్కాట్లాండ్ హెలెన్ ఎలియట్‌తో, 1953లో రుమేనియా ఏంజెలికా రోజియానుతో గెలిచింది. మూడు టైటిళ్లు, మూడు దేశాల జోడీలు! నాలుగు దేశాల ఆటగత్తెలను కలిపింది ఒక్క బల్ల.

ఇప్పుడు కాస్త నిలబడండి, ఈ కథ నాకు మహా ఇష్టం. 1951లో వియన్నాలో గెలిచిన జోడీని చూసి జనం కళ్లు నులుముకున్నారు. ఆమె ఎవరు, ఈమె ఎవరు? ఇంగ్లండ్ కవల అక్కాచెల్లెళ్లు రోజలిండ్ రో, డయాన్ రో! అప్పటికి వాళ్ల వయసు పదిహేడు. ఒకరు కుడిచేత్తో ఆడతారు, ఇంకొకరు ఎడమచేత్తో. 1951 నుంచి 1955 వరకు ఐదేళ్లూ ఫైనల్‌కు వచ్చారు, ఒక్క ఏడాదీ తప్పలేదు. అందులో రెండు గెలిచారు. ఆ రెండోది ఎప్పుడో తెలుసా? 1954 ఏప్రిల్ 14, వెంబ్లీలో. ఆ రోజే వాళ్ల ఇరవయ్యొకటో పుట్టినరోజు! సొంత దేశంలో, సొంత జనం ముందు, పుట్టినరోజు నాడు ప్రపంచ టైటిల్. కేకు ఎవరికి గుర్తుంటుంది!

సరే, మన దేశానికి వద్దాం. ఈ ప్రపంచ పోటీలు భారత్‌లో ఎన్నిసార్లు జరిగాయో మీకు తెలుసా? మూడుసార్లు. 1952లో బొంబాయి, 1975లో కలకత్తా, 1987లో ఢిల్లీ. మూడుసార్లూ మహిళల డబుల్స్ టైటిల్ చైనాకు దక్కలేదు!

బొంబాయిలో గెలిచింది జపాన్ జోడీ, నరహరా షిజుకి, నిషిమురా తోమి. ఆసియా గడ్డ మీద ఈ పోటీలు జరగడం అదే మొదటిసారి, గెలిచిందీ ఆసియా వాళ్లే. చైనా అప్పటికింకా ఈ పోటీల గడప తొక్కనే లేదు లెండి, ఆ ఒక్కదాన్నీ వాళ్ల లెక్కలో వేయకూడదు. కలకత్తాలో రుమేనియా మరియా అలెగ్జాండ్రు, జపాన్ తకహాషి షోకో కలిసి పట్టుకెళ్లారు. అలెగ్జాండ్రుకు అది మూడో టైటిల్. మొదటిది ఎప్పుడు? 1961లో! పద్నాలుగేళ్ల తేడాతో, మూడు వేర్వేరు జోడీలతో. కొందరికి రిటైర్మెంట్ అనే మాట నచ్చదు.

ఇక ఢిల్లీ. 1987లో అక్కడ దక్షిణ కొరియా అమ్మాయిలు హ్యున్ జంగ్‌హ్వా, యాంగ్ యంగ్‌జా గెలిచారు. ఇందులో వింతేముంది అంటారా? ఊపిరి బిగపట్టండి. 1979 నుంచి 2025 వరకు ఈ టైటిల్ చైనా చేతి నుంచి జారింది ఒక్కసారే. ఆ ఒక్కసారి మన ఢిల్లీలోనే! ఆ జోడీ అక్కడితోనూ ఆగలేదు. మరుసటి ఏడాది సోల్ ఒలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్‌ను తొలిసారి పెడితే, మహిళల డబుల్స్ స్వర్ణం కూడా వాళ్లదే.

ఢిల్లీ తర్వాత చైనాకు కోపం వచ్చిందో ఏమో, 1989 నుంచి 2025 దాకా వరుసగా పందొమ్మిది టైటిళ్లు! ఇది పొరపాటు అంకె కాదు, పందొమ్మిదే.

ఆ వరుసను మొదలుపెట్టినవాళ్లలో డెంగ్ యాపింగ్ ఒకరు. 1989లో చావ్ హోంగ్‌తో కలిసి గెలిచేనాటికి ఆమెకు పదహారేళ్లు. ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లు. మరి టేబుల్ టెన్నిస్ బల్ల వెడల్పు ఎంతో మీకు తెలుసా? 152.5 సెంటీమీటర్లు! బల్ల మీద అడ్డంగా పడుకోబెడితే ఇంకా చోటు మిగులుతుంది. పొట్టిగా ఉందని మొదట్లో జట్టులోకి తీసుకోవడానికి వెనకాడినవాళ్లు, ఆ తర్వాత ఆమె వేట జాబితాలో ఎవరెవరు పడ్డారో లెక్కపెడుతూ కూర్చున్నారు. 1992, 1996 ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం ఆమెదే, చావ్ హోంగ్‌తో కలిసి డబుల్స్ స్వర్ణమూ ఆమెదే.

ఒకే మనిషి వరుసగా ఐదు ప్రపంచ డబుల్స్ టైటిళ్లు గెలవగలదా? వాంగ్ నాన్ గెలిచింది! 1999, 2001లో లీ జుతో, 2003, 2005, 2007లో జాంగ్ యినింగ్‌తో. వాంగ్ నాన్‌ది ఎడమచేతి వాటం. 2009, 2011, 2013లో లీ షావోషియాతో కలిసి గెలిచిన గువో యూదీ ఎడమచేతి వాటమే. 2025లో దోహాలో వాంగ్ మాన్యూతో కలిసి గెలిచిన కువాయ్ మాన్‌దీ అంతే! కుడి, ఎడమ కలిస్తే ఒకరికొకరు అడ్డం రారు, ఇద్దరి ఫోర్‌హ్యాండ్లూ రెండు వైపులా కాపలా కాస్తాయి. ఎడమచేత్తో రాసే పిల్లను బెదిరించే పెద్దలారా, విన్నారా?

అసలు ఒకరికొకరు ఎందుకు అడ్డం రావాలి? ఎందుకంటే ఈ ఆటలో జోడీలోని ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టి తీరాలి! టెన్నిస్‌లోనూ బ్యాడ్మింటన్‌లోనూ ఎవరి దగ్గరికి వస్తే వాళ్లు బాదుతారు. ఇక్కడ బంతి మీ ముక్కు ముందుకే వచ్చినా వంతు మీది కాకపోతే పక్కకు తప్పుకోవాల్సిందే. ముట్టుకుంటే పాయింటు ఎదుటివాళ్లది!

బల్ల మధ్యలో పొడుగునా గీసిన సన్నని తెల్లగీత ఎందుకో మీకు తెలుసా? డబుల్స్ కోసమే! వెడల్పు 3 మిల్లీమీటర్లు. కుడి సగంలోంచి సర్వీసు చేస్తే అవతలి కుడి సగంలోనే పడాలి. సర్వీసు అయ్యాక ఆ గీతను ఎవరూ పట్టించుకోరు. సింగిల్స్‌లోనైతే దానికి అసలు పనే లేదు.

ఈసారి డబుల్స్ చూసేటప్పుడు బంతిని వదిలేసి బల్ల కిందికి చూడండి. సర్వీసుకు ముందు ఒక చెయ్యి బల్ల అంచు కిందకు జారుతుంది. వేళ్లు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి, బొటనవేలు ఒక్కసారి పక్కకు తిరుగుతుంది. పక్కనున్న అమ్మాయి ఓరకంట చూసి తలాడిస్తుంది. కట్ వేయాలా, టాప్‌స్పిన్నా, నెట్ దగ్గరే పొట్టిగా వదలాలా, చివరికంటా పంపాలా, అంతా ఆ వేళ్లలోనే తేలిపోతుంది. రహస్యాలన్నీ బల్ల కిందే సుమా! పైకి వచ్చాక మాత్రం బంతి అరచేతిలో అందరికీ కనబడాలి, కనీసం 16 సెంటీమీటర్లు ఎగరాలి, జోడీ అడ్డం నిలబడి దాన్ని దాచనూ కూడదు.

యాభై ఎనిమిదేళ్ల వయసులో ప్రపంచ పతకం! నమ్ముతారా? 2021, హ్యూస్టన్. లక్సెంబర్గ్ తరఫున ని షియాలియాన్, సారా డి నట్‌తో కలిసి మహిళల డబుల్స్ కాంస్యం గెలిచింది. 1983లో చైనా తరఫున ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషే ఈమె! ఆ గెలుపు తర్వాత ముప్పై ఎనిమిదేళ్లకూ వేదిక ఎక్కింది. అయ్యో, క్వార్టర్స్‌లో ఆమె చేతిలో ఓడింది మన మనికా బత్రా, అర్చనా కామత్‌లే. ఓడినా చప్పట్లు కొట్టాల్సిన ఓటమి అది.

ఆసియా మహిళల డబుల్స్ విజేతల్లో హైదరాబాద్ అమ్మాయి ఒకరున్నారని మీకు తెలుసా? 1952లో సింగపూర్ ఆసియా పోటీల్లో బొంబాయి గూల్ నాసిక్‌వాలాతో కలిసి స్వర్ణం గెలిచింది సయీద్ సుల్తానా, మన హైదరాబాదీ! 1949 నుంచి 1954 వరకు ఆరేళ్లూ జాతీయ ఛాంపియన్ ఆవిడే. ఆ పేరు మన పిల్లల క్విజ్ పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉండాలి!

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. ఎదుట చెన్ మెంగ్, వాంగ్ యిడీ, అదే ఏడాది డర్బన్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన జోడీ, పైగా ఆడుతున్నది సొంతగడ్డ మీద. ఇటు మన సుతీర్థ ముఖర్జీ, అయిహికా ముఖర్జీ. ఫలితం? 3-1తో మనదే! ఆసియా క్రీడల మహిళల డబుల్స్‌లో భారత్‌కు తొలి పతకం అలా ఖాయమైంది. ఇంతకీ ఇద్దరూ ముఖర్జీలే, ఇద్దరిదీ బెంగాల్‌లోని నైహాటీయే. అక్కాచెల్లెళ్లా? కానే కాదు!

2024 జూన్‌లో లాగోస్‌లో మన ఆకుల శ్రీజ ఏం చేసిందో విన్నారా? డబ్ల్యూటీటీ కంటెండర్ అనే అంతర్జాతీయ టోర్నీలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. అక్కడే అర్చనా కామత్‌తో కలిసి డబుల్స్ టైటిలూ పట్టేసింది. ఆ డబుల్స్ ఫైనల్లో అవతలివైపు దియా చితలే, యశస్విని ఘోర్పడే. ఆడింది నైజీరియాలో, ఆడిన నలుగురూ మనవాళ్లే!

చివరగా ఒకటి. ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ ఎన్నిసార్లు జరిగిందో మీకు తెలుసా? ఐదంటే ఐదుసార్లు, 1988 నుంచి 2004 దాకా. ఆ తర్వాత తీసేసి జట్టు పోటీలు పెట్టారు. ఇప్పుడు 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ వస్తోంది. ఏథెన్స్‌లో ఆ ఆఖరి ఒలింపిక్ ఫైనల్ ఆడుతున్నప్పుడు, 2025 ప్రపంచ ఛాంపియన్ కువాయ్ మాన్ ఇంకా నెలల పాప!