పొగగొట్టము కొక్కెమునకు తగిలినప్పుడు

మెదకు జిల్లాలోని శివ్వంపేట, నర్సాపూరు, తూప్రాను ప్రాంతములలో ట్రాక్టరు వెనుక ట్రాలీని కట్టుట చంటిపిల్లలకు సైతము తెలిసిన సంగతియే. కాని జీపునకో, కారునకో వెనుక ఒక కొక్కెమును బిగింపించుకొని, మరమ్మతునకు పోవు మోటారుపంపునో, నాలుగు ధాన్యపు బస్తాలనో చిన్న ట్రాలీలో వేసికొని పోవు గృహస్థులును లేకపోలేదు. అట్లు కొక్కెము వేయించిన కొలది దినములకే కొందఱి బండ్లలో ఒక క్రొత్త శబ్దము పుట్టును. గేరు మార్చినప్పుడు ఒక దెబ్బ. రోడ్డుమీది అడ్డుకట్టను దాటినప్పుడు రెండు దెబ్బలు. ఇంజను ఆపివేసిన క్షణమున కడపటి దెబ్బ. ఎవరో వెనుకనుండి ఇనుపకడ్డీతో బండిని తట్టుచున్నట్లుండును.

ఈ శబ్దము ట్రాక్టరులో ఏల రాదు? ట్రాక్టరు పొగగొట్టము ముందుభాగమున ఇంజను ప్రక్కనే నిటారుగ నిలిచియుండును. ట్రాలీని తగిలించు కొక్కెము వెనుకభాగమున నుండును. ఆ రెండింటికిని జన్మలో కలయిక లేదు. కారు సంగతి వేఱు. దాని పొగగొట్టము ఇంజనువద్ద బయలుదేఱి, మనము కూర్చుండు గదిక్రిందుగ బండి పొడవంతయు ప్రయాణముచేసి, సైలెన్సరును దాటి, వెనుక బంపరు క్రింద బయటికి వచ్చును. కొక్కెమును మోయు అడ్డకమ్మియు సరిగా ఆ బంపరు క్రిందనే బిగింపబడును. బండిని తయారుచేసినవారు గొట్టమునకు విడిచిన ఖాళీస్థలములోనికి తరువాత వచ్చిన అతిథి ఈ కమ్మి. మన వాడుకలో గొట్టమంతటికిని సైలెన్సరనియే పేరు స్థిరపడినది గాని, నిజమునకు సైలెన్సరు దానిలో ఒక భాగము మాత్రమే. ధ్వనిని అణచుటకై నడుమ అమర్చిన డబ్బా అది.

చాలమంది గొట్టము వదులైనందున కొట్టుకొనుచున్నదని తలంతురు. వదులుగ నుండుటయే దాని ధర్మము. ఇంజను ఛాసిస్ మీద బిగుతుగ కూర్చుండదు. రబ్బరు దిమ్మలమీద కూర్చుండును. యాక్సిలరేటరు నొక్కినపుడును, క్లచ్చి వదలినపుడును అది ఆ దిమ్మలమీద ఒకవైపునకు ఒరగి మరల సర్దుకొనును. పొగగొట్టము మొదలు ఇంజనుకు అతుకబడి యున్నది గావున, మొదలు కొంచెము కదలినను కొన ఎక్కువగా ఊగును. పొడవైన వాసమును ఒకచివర పట్టుకొని కదపి చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. ఇప్పటి కార్లు అనేకములలో ఈ ఊపును తగ్గించుటకై ఇంజను దగ్గఱ ఉక్కుతీగల అల్లికతో చేసిన మెత్తని గొట్టపుముక్కను అమర్చుచున్నారు. అయినను ఊపు పూర్తిగా పోదు. అందుచేతనే గొట్టము మిగిలిన పొడవును బండి అడుగుభాగమునుండి రబ్బరు హ్యాంగర్లతో, ఊయలవలె, వ్రేలాడదీయుదురు. దానిని ఇనుముతో బిగించినయెడల ఇంజను అదురంతయు బండిలోనికి ప్రాకి, కూర్చున్నవారి చెవులు గింగురుమనును.

రెండవ కారణము వేడిమి. దీనిని మెకానిక్కులు సైతము ఒక్కొకప్పుడు మఱతురు. ఉక్కు వేడియెక్కిన సాగును. మీటరు పొడవుగల ఉక్కుగొట్టము 100 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి హెచ్చినచో సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగును. కారు పొగగొట్టము పొడవు 3 మీటర్లనుకొందము. ఇంజనువద్ద ఎక్కువ వేడి, కొనవద్ద తక్కువ వేడి; సగటున 250 డిగ్రీలు హెచ్చినదనుకొన్నను, గొట్టము 9 మిల్లీమీటర్లు పొడవగును. మొదలు ఇంజనుకు అంటియుండుటచే ఆ పెరుగుదల చాలవఱకు వెనుకవైపునకే, అనగా కొక్కెమున్న దిక్కునకే, పోవును. కనుక ఉదయమున చల్లని బండిక్రింద వంగి చూచి, చిటికెనవ్రేలు పట్టు సందున్నదిగదా యని సంతోషించుట కూడదు. పదిమైళ్లు నడచినపిమ్మట ఆ సందు మిగిలియుండదు. బండి బయలుదేఱినపుడు లేని శబ్దము అరగంట తరువాత మొదలైనచో వేడిమినే శంకింపవలెను. గేరు మార్చినప్పుడు మాత్రమే వచ్చినచో ఇంజను రబ్బరు దిమ్మలను చూడవలెను. గుంతలలో మాత్రమే వచ్చినచో హ్యాంగర్లను చూడవలెను.

ఇక్కడ ఒక అపోహను తొలగింప వలసియున్నది. ట్రాలీ బరువునకు బండి వెనుకభాగము క్రుంగుటచేత గొట్టము కొక్కెమునకు తగులుచున్నదని చెప్పి, క్రొత్త కమాను పట్టీలు వేయించుకొనుమని సలహా ఇచ్చువారు కలరు. ఆలోచించి చూడుడు. గొట్టము వ్రేలాడునది బండి శరీరమునుండియే. కొక్కెపు కమ్మి బిగింపబడినదియు ఆ శరీరమునకే. శరీరము క్రుంగినచో రెండును కలిసి క్రుంగును. వాని నడుమ సందు మారదు. బరువుచే మారునది గొట్టమునకును ఇరుసునకును నడుమగల సందు. ఆ శబ్దము వేఱు, దాని చికిత్స వేఱు. బరువు వేసినపుడు మాత్రమే కొక్కెమువద్ద శబ్దము వచ్చినయెడల తప్పు కమానులలో లేదు. కొక్కెపు బోల్టులు వదలినవో, లేక అది తిన్నగ ఛాసిస్‌కు గాక పలుచని బంపరు రేకునకు బిగింపబడినదో అయియుండును. అది చప్పుడుకంటె పెద్ద ప్రమాదము; అట్టి కొక్కెమునకు ట్రాలీని తగిలింపనే రాదు.

శబ్దస్థానమును కనుగొనుటకు ఖరీదైన పరికరములు అక్కఱలేదు. బండి పూర్తిగ చల్లారిన తరువాత సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. కేవలము జాకీమీద లేపిన బండిక్రిందికి ఎవరును దూరరాదు. దూరవలసివచ్చినచో గట్టి ఇనుప స్టాండ్లు ఉండి తీరవలెను. ముందుగా అడుగుభాగమున పట్టిన మట్టిని కడుగుడు. ఇది మన ప్రాంతమున చిన్న విషయము కాదు. నాట్ల కాలమున దమ్ముచేసిన ట్రాక్టర్లు పొలమునుండి వెలువడి రోడ్డుమీద విడిచిన జిగటమన్ను, వెనుకవచ్చు బండ్ల అడుగున అంటుకొని ఎండి రాయివలె అగును. కమ్మికిని గొట్టమునకును నడుమ ఆ మట్టిబెడ్డ ఇరుకుకొనుటయే రోగమైనచో, బక్కెట్టు నీళ్లే మందు.

కడిగినపిమ్మట గొట్టము కొనను గుడ్డతో పట్టుకొని పైకి, క్రిందికి, రెండుప్రక్కలకు ఊపి చూడుడు. తగులుచున్నచోట రంగు లేచిపోయి ఇనుము మెఱయుచుండును. మెఱుపు కనబడనిచో కమ్మికి సున్నమో సుద్దయో పూసి, బండిని ఒక గంటసేపు నడిపి, మరల చల్లార్చి చూచినయెడల సుద్ద చెదరినచోటు దొంగను పట్టియిచ్చును. అదేసమయమున హ్యాంగర్లను ఒక్కొక్కదానిని వ్రేళ్లతో సాగదీసి చూడవలెను. పాతబడిన రబ్బరు పగుళ్లు తేలి, గాజువలె పెళుసై, లేదా సాగిపోయి గొట్టమును క్రిందికి జార్చును. ఒకటి తెగినపుడు మిగిలినవానిమీద బరువు పడి, అవియు త్వరలోనే ఆ దారినే పోవును. అందుచే ఒకదానిని మార్చునప్పుడు అన్నిటిని మార్చుట లాభము. వాని వెల స్వల్పము. చాలమంది బండ్లకు ఇంతటితోనే చప్పుడు నిలిచిపోవును.

నిలువనియెడల గొట్టమును సర్దవలెను. గొట్టపు ముక్కలు కలియుచోట క్లాంపు ఉన్నచో దానిని వదులుచేసి, వెనుకముక్కను కొంచెము త్రిప్పి, కమ్మికి దూరముగా జరిపి, మరల బిగింపవచ్చును. క్లాంపులన్నిటిని మొదట వదులుగనుంచి, గొట్టము తన సహజస్థానమున వ్రేలాడిన తరువాత ఇంజనువైపునుండి వెనుకకు వరుసగ బిగించుట మంచి పద్ధతి. తలక్రిందులుగ చేసినచో గొట్టము మెలికపడి, మఱునాటికే మఱియొకచోట తగులును. కమ్మికిని గొట్టమునకును నడుమ చల్లగానున్నపుడు 20 నుండి 25 మిల్లీమీటర్ల సందు, అనగా బొటనవ్రేలు సుఖముగ దూరునంత, ఉండుట మేలు. అయితే ఇటు జరుపుచు అటు పెట్రోలు గొట్టమునకు దాపుచేయరాదు. ఇంధనపు గొట్టమునకు 35 మిల్లీమీటర్లలోపల పొగగొట్టము ఉండరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు శాసించినవి. ట్రాలీ దీపములకు పోవు విద్యుత్తీగలు గొట్టము ప్రక్కగా పోవుచున్నచో వానినిగూడ దూరముగ కట్టవలెను. వాని తొడుగు కరగినచో చీకటిలో ట్రాలీ దీపములు ఆరిపోవును, వెనుకవచ్చు లారీకి ట్రాలీ కనబడదు.

ఇప్పుడు జనులు చేయు చికిత్సలలో చేయగూడనివి. గొట్టమును జి.ఐ. తీగతో బిగించి కట్టుట మొదటిది. చప్పుడు ఆ పూటకు ఆగును. కాని సాగుటకును ఊగుటకును వీలులేని గొట్టము తన బలమంతయు అతుకులమీద చూపును. నడుమ పాత టైరుముక్కనో చెక్కనో దూర్చుట రెండవది. వేడికి అది మాడును, కాలును. కాలకున్నను అదురును బండిలోనికి మోసికొనివచ్చును. కొక్కెపు కమ్మిని గాడిగ కోయించి గొట్టమునకు దారి యిచ్చుట మూడవది. నా అభిప్రాయమున ఇది అన్నిటికంటె అవివేకము. బరువును లాగునది ఆ కమ్మియే. దానిని కోసినచో ఎంత బలము మిగిలినదో వెల్డింగుచేయు మేస్త్రీ చెప్పలేడు, మనము చెప్పలేము. సందు చాలనప్పుడు కోయించుటకు మాఱు, ఆ బండి నమూనాకే తయారైన కొక్కెమును తెప్పించుకొనవలెను.

ఒక చప్పుడునకు ఇంత ప్రసంగమేల యని అనుకొనవచ్చును. చప్పుడు మాత్రమే అయినచో కిటికీ అద్దములు ఎత్తుకొని పోవచ్చును. కాని తలుపు కొనను పదేపదే కొట్టినచో ముందుగా ఊడునది బందు. అట్లే గొట్టము కొనకు తగిలిన దెబ్బ ముందున్న అతుకులను, ముఖ్యముగ సైలెన్సరు మెడవద్దనున్న వెల్డింగును, సన్నగ చీల్చును. ఆ చీలికనుండి వెలువడు పొగ బండి వెనుకకు పోక, మనము కూర్చున్న గది అడుగుననే వ్యాపించి, తుప్పుపట్టిన నేలరేకు రంధ్రములగుండ లోపలికి వచ్చును. దానిలో కార్బను మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువునకంటె ఈ వాయువునకు 200 రెట్లకు పైగా ఆకర్షితమగును. అందుచే కొలదిపాటి మోనాక్సైడు సైతము ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటల నాక్రమించుకొనును. తలనొప్పి, వికారము, మగత దాని లక్షణములు. ప్రయాణపు బడలిక యని, ఎండదెబ్బ యని పొరబడుటకు అన్ని అవకాశములు కలవు. వెనుకసీటులో నిద్రించు బిడ్డ నిద్ర సహజమో కాదో పైకి చూచి తెలిసికొనుట కష్టము.

డీజిలు బండ్ల పొగలో ఈ వాయువు పెట్రోలు బండ్లకంటె తక్కువ, లేదని కాదు. మనదేశమున 1995 లో నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక కన్వర్టరు తప్పనిసరి అయినది. ఆ పెట్టె మోనాక్సైడును చాలవఱకు బొగ్గుపులుసు వాయువుగ మార్చును. కాని అది బాగుగ వేడెక్కిన తరువాతనే పనిచేయును. చీలిక కన్వర్టరుకు ముందే పడినచో పొగ దానివఱకు చేరనే చేరదు. ట్రాలీ కట్టువారు మఱియొక సంగతినిగూడ గమనింపవలెను. పొడవైన గొట్టములనో వెదుళ్లనో వేసికొని వెనుకతలుపు తెఱచియుంచి నడుపుదురు. పరుగెత్తు బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి, పొగ చుట్టుతిరిగి ఆ తెఱచిన తలుపుగుండ లోపలికే వచ్చును. చీలిక లేకున్నను ఇది జరుగును.

కనుక మరమ్మతైనపిమ్మట ఒక పరీక్ష చేయింపవలెను. చల్లని ఇంజనును నడిపించి, ఆరుబయట ఒకరు గొట్టము కొనను దళసరి తడిగుడ్డతో రెండుమూడు క్షణములు మూసినపుడు, మఱియొకరు బండి ప్రక్కన నిలిచి వినవలెను. గొట్టము చెక్కుచెదరక యున్నచో ఇంజను మూలిగి గుడ్డను నెట్టివేయును; ఎక్కడనైన బుసబుస వినవచ్చినచో చీలిక అక్కడనే. దానిని తీగతోను, మట్టితోను పూడ్చక వెల్డింగు చేయింపవలెను, లేదా ఆ ముక్కనే మార్పింపవలెను. ఆ తరువాత కమ్మికి మరల సుద్ద పూసి, ట్రాలీని బరువుతో తగిలించి, శివ్వంపేటనుండి తూప్రాను వఱకు ఒకసారి పోయివచ్చి చూడుడు. సుద్ద చెదరకున్నచో పని ముగిసినది. రబ్బరు హ్యాంగర్లను మాత్రము ప్రతి నాట్ల కాలము ముగిసినపిమ్మట, బండి అడుగు కడిగించుకొన్న నాడు, వ్రేళ్లతో సాగదీసి చూచుకొనుచుండవలెను.