రాకెట్ దేన్ని తన్ని పైకి లేస్తుంది?

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన పాత వీడియో ఒకటి మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో పడింది. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా తమ్ముణ్ణి అడిగా, "అది పైకెలా లేస్తోందిరా?" అని.

"మంట నేలని తన్నుతోంది కదా!"

"నేల దాటేశాక?"

"గాలిని తన్నుతుంది."

"గాలే లేని చోట?"

ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

వాణ్ణి వెక్కిరించక్కర్లేదు. సాక్షాత్తూ న్యూయార్క్ టైమ్స్ పత్రికే ఈ బోల్తా పడింది. రాకెట్‌తో చంద్రుణ్ణి చేరొచ్చన్న రాబర్ట్ గొడార్డ్ అనే ప్రొఫెసర్‌ని 1920 జనవరి 13న సంపాదకీయంలో ఎద్దేవా చేసింది. శూన్యంలో నెట్టడానికి ఏమీ ఉండదు కదా, ఈయనకి హైస్కూల్ పాఠం కూడా తెలీదా అన్న ధోరణిలో రాసింది. తమాషా ఏంటంటే, గొడార్డ్ అప్పటికే గాలి తీసేసిన గొట్టంలో ప్రయోగం చేసి చూసేశాడు. అక్కడ తోపు తగ్గలేదు సరికదా, పెరిగింది! ఆ పత్రిక తప్పు దిద్దుకున్నది 1969 జులై 17న, అపోలో-11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు. గొడార్డ్ 1945లోనే పోయాడు.

అసలు కిటుకు ఏంటంటే, రాకెట్ నెట్టేది తన కడుపులోంచి వచ్చే వాయువునే. రాకెట్ వాయువుని కిందికి తోస్తే, వాయువు రాకెట్‌ని అంతే బలంతో పైకి తోస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 బరువు సుమారు 640 టన్నులు. దాని రెండు బూస్టర్లు కలిపి 400 టన్నులకు పైగా ఇంధనాన్ని రెండు నిమిషాల చిల్లరలో ఊదేశాయి. అంటే సెకనుకి దాదాపు 3 టన్నులు!

ఇక్కడే తమ్ముడు నన్ను ఇరికించాననుకున్నాడు. "చర్య, ప్రతిచర్య సమానమైతే రెండూ కొట్టుకుపోవాలి కదా? ఏదీ కదలకూడదు."

మంచి ప్రశ్నే. కానీ ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేయవు. ఎద్దు బండిని లాగుతుంది, బండి ఎద్దుని అంతే బలంతో వెనక్కి లాగుతుంది. బండి కదలాలా వద్దా అన్నది బండి మీద పడే బలాలే తేలుస్తాయి. ఒకటి ఎద్దు లాగుడు, రెండోది చక్రాల దగ్గర ఒరిపిడి. లాగుడు ఎక్కువైతే ఆగి ఉన్న బండి కదులుతుంది. మరి ఎద్దు ముందుకెలా పోతుంది? గిట్టలతో నేలని వెనక్కి తంతుంది, నేల దాన్ని ముందుకి తోస్తుంది. బురదలో మీ బైక్ చక్రం గిర్రున తిరుగుతూ బండి మాత్రం కదలకపోవడం గుర్తుందా? జారిపోయే బురద టైరుని గట్టిగా ముందుకి తోయలేదు, అదీ సంగతి.

పరీక్షల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. టేబుల్ మీద పుస్తకం బరువు, టేబుల్ దాన్ని పైకి తోసే బలం: ఇవి చర్య-ప్రతిచర్య జంట అని చాలామంది టిక్ పెట్టేస్తారు. కాదు! ఆ రెండూ పుస్తకం మీదే పడుతున్నాయి. పుస్తకం బరువుకి అసలు జంట, పుస్తకం భూమిని పైకి లాగే బలం.

"అంటే నేను ఎగిరితే భూమి కిందికి పోతుందా?"

పోతుంది. కాకపోతే భూమి బరువు కిలోల్లో రాయాలంటే 6 పక్కన 24 సున్నాలు పెట్టాలి, కాబట్టి ఆ కదలిక ఏ పరికరానికీ అందదు.

వాడు నమ్మలేదు. నాలుగుసార్లు గట్టిగా ఎగిరాడు. కింద పోర్షన్ ఆంటీ మాత్రం వెంటనే పైకొచ్చేసింది.