కొత్త ఎడ్లబండికి ఏ హంగులు కావాలి?

ఎడ్లబండి కాలం చెల్లిందని పట్టణవాసులు అనుకోవడం కద్దు. కాని ఉత్తర తెలంగాణలో అది ఇంకా పనిలోనే ఉన్నది. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూరులో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశపు గోండులు కుటుంబాలతో సహా ఎడ్లబండ్ల మీద చేరే ఆచారం నేటికీ కలదు. నల్లరేగడి చేలనుంచి పత్తిని ఇల్లు చేర్చడానికీ, కరీంనగరు ప్రాంతపు పొలాల్లో ఎరువు, వరిగడ్డి తోలడానికీ, ట్రాక్టరు పోలేని ఇరుకు బాటల్లో నడవడానికీ బండి కావలసివస్తున్నది.

మొదటిసారి బండి కట్టించుకొనే రైతు ముందు ఒక చిక్కు వచ్చి నిలుస్తుంది. రబ్బరు టైర్లు, బాల్ బేరింగులు, బ్రేకు, లాంతరు, గజ్జెలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు - ఇన్ని హంగుల్లో దేనిని ముందు కొనాలి? చేతిలోని డబ్బు అన్నిటికీ చాలదు. ఇట్టి సందర్భంలో ప్రతి వస్తువును గురించీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ బలాన్ని తగ్గిస్తుంది? ఆ బలాన్ని ఇంతవరకు మోస్తున్నది ఎవరు? రెండవ ప్రశ్నకు చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే: ఎద్దు మెడ.

ఎడ్ల జత లాగగలిగినది ఎంత?

ఎద్దు తన బరువులో సుమారు పదవ వంతు బలంతో గంటల తరబడి లాగగలదు. క్షణకాలం ఇంతకు ఎన్నో రెట్లు లాగగలదు గాని, అది రోజంతా నిలిచే శక్తి కాదు. ఒక్కొక్కటి 400 కిలోలు తూగే ఎడ్ల జత బరువు 800 కిలోలు. కనుక అది నిలకడగా చూపగలిగేది 80 కిలోల బలం. సెకనుకు ఒక మీటరు వేగంతో నడిస్తే ఆ జత చేసే పని ఒక అశ్వసామర్థ్యం కంటె కొద్దిగా ఎక్కువ.

ఇప్పుడు 300 కిలోల బండిమీద 700 కిలోల సరుకు వేసినారనుకుందాం. మొత్తం 1000 కిలోలు. గట్టి చదును బాటమీద చక్రం దొర్లడానికి ఈ బరువులో నూటికి సుమారు మూడు వంతులు, అంటే 30 కిలోల బలం చాలు. మెత్తని దుక్కిలోనో, వానకు తడిసిన రేగడిలోనో అది నూటికి పది వంతులు దాటి 100 కిలోలకు మించుతుంది. అందుచేతనే బాటమీద హాయిగా నడిచిన జత చేలో దిగగానే ఆగిపోతుంది. ఇరవై అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే ఎగువబాటలో మరి 50 కిలోల బలం అదనంగా కావాలి. ఈ అంకెలను గుర్తుంచుకొని హంగులను ఒక్కొక్కటిగా పరిశీలించవచ్చు.

అన్నిటికంటె చవుకైనది కందెన

చక్రం దొర్లడం వేరు, అది ఇరుసుమీద తిరగడం వేరు. చక్రపు నడిమి మొద్దు ఇరుసుమీద ఒరుసుకొంటూ తిరుగుతుంది. ఆ ఒరిపిడినే శాస్త్రంలో ఘర్షణ అంటారు. ఇక్కడ పెద్ద చక్రం రైతుకు మేలు చేస్తుంది. ఇరుసు వ్యాసార్ధం 3 సెంటీమీటర్లు, చక్రపు వ్యాసార్ధం 75 సెంటీమీటర్లు అయితే, చక్రం అంచుదాకా వచ్చేసరికి ఇరుసు దగ్గరి ఘర్షణ ఇరవై అయిదవ వంతుకు తగ్గిపోతుంది.

ఎండిపోయిన ఇరుసుకు ఘర్షణ గుణకం సుమారు 0.3 అనుకొంటే, 1000 కిలోల బరువుకు 300 కిలోల ఘర్షణ పుడుతుంది. దానిలో ఇరవై అయిదవ వంతు 12 కిలోలు. కందెన వేస్తే గుణకం 0.1కి దిగి, అది 4 కిలోలవుతుంది. మిగిలిన 8 కిలోలు ఎడ్ల జత మొత్తం శక్తిలో పదవ వంతు! ఆముదంలో కాలిన గడ్డిమసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసే పాత అలవాటు వెనుక ఉన్న లెక్క ఇదే. నూనెపొర రెండు తలాలనూ వేరుచేసి, వాటిని ఒకదానినొకటి గీరుకోనీయకుండా చూస్తుంది. కనుక మొదటి హంగు కందెన గొట్టమే.

బరువు ఎక్కడ పెట్టాలి?

రెండు చక్రాల బండి ఒక పెద్ద త్రాసు వంటిది. ఇరుసు దాని ఆనిక, నొగ దాని చేయి. ఇరుసునుంచి కాడి 350 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. 700 కిలోల సరుకు గరిమనాభి ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుంటే, కాడిమీద పడే బరువు 700ను 10తో హెచ్చించి 350తో భాగిస్తే వచ్చే 20 కిలోలు. అంటే ఒక్కొక్క మెడమీద 10 కిలోలు. అదే సరుకు 30 సెంటీమీటర్లు ముందుకు జరిగితే ఒక్కొక్క మెడమీద 30 కిలోలు పడతాయి. 30 సెంటీమీటర్లు వెనుకకు జరిగితే కాడి 60 కిలోల బలంతో పైకి లేచి, మెడకింది పట్టీ ఎడ్ల గొంతు నొక్కుతుంది. ఇరుసుకు కొంచెం ముందు, అంటే అర జానెడు లోపల, బరువు ఉండేటట్లు సరుకు సర్దడం ఉత్తమం. దీనికి ఖర్చు లేదు. బండి చట్రంమీద ఇరుసుకు సరిగా పైన ఒక సున్నపు గీత గీస్తే చాలు.

బండి నిలిచినప్పుడు నొగకింద నిలబెట్టే ఊతకర్ర కూడా ఇట్టిదే. బరువు నింపుతున్నంతసేపూ, బజారులో వేచి ఉన్నంతసేపూ ఆ భారాన్ని మెడకు బదులు నేల మోస్తుంది.

ఇక కాడి. బలాన్ని అది తగిలే వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. ఒక ఎద్దు 40 కిలోల బలంతో లాగేటప్పుడు కాడి నూరు చదరపు సెంటీమీటర్లలో తగిలితే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుమీద 0.4 కిలో పడుతుంది. కాడిని వెడల్పుగా, మెడ ఒంపునకు సరిపడేటట్లు నునుపుగా చెక్కిస్తే తగిలే చోటు రెట్టింపై, పీడనం సగమవుతుంది. కాడిపుండు పడిన ఎద్దు వ్యవసాయపు అదనులో రోజుల తరబడి పని మానవలసివస్తుంది. ఆ నష్టం ముందు వడ్రంగి కూలి ఎంత?

దిగువబాటలో బ్రేకు

నిర్మల్, ఆదిలాబాదు నడుమ మహబూబ్ ఘాటు వంటి కొండదారులు ఉన్నాయి. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలులో 1000 కిలోల బండిని గురుత్వాకర్షణ 100 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. దొర్లుడు, ఇరుసు కలిసి అడ్డగించేది 34 కిలోలే. మిగిలిన 66 కిలోలు ఎవరు ఆపాలి? బ్రేకు లేని బండిలో ఎడ్లే మెడలు ఎత్తి, వెనుకకు ఒరిగి ఆపాలి. కాలు జారితే బండి వాటిమీదికే వస్తుంది. గడ్డి ఎత్తుగా పేర్చిన బండిలో ఇంకొక ప్రమాదం ఉన్నది. వాలులో బరువు గరిమనాభి ఇరుసుకు ముందుకు వంగి కాడిని మరింత నొక్కుతుంది.

చక్రపు అంచుకు కట్టె దిమ్మను అదిమే బ్రేకును ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేయగలరు. మీట పొడవైన కొద్దీ తక్కువ చేతిబలంతో ఎక్కువ నొక్కుడు లభిస్తుంది. కందెన విషయంలో ఘర్షణ శత్రువు. ఇక్కడ అదే మిత్రము. రెండు చక్రాలకూ సమంగా పట్టే బ్రేకునే పెట్టించాలి. ఒకవైపే పడితే బండి ప్రక్కకు తిరుగుతుంది.

ఇనుప పట్టాయా, రబ్బరు టైరా?

కట్టెచక్రానికి ఇనుప పట్టా వేయడం కమ్మరి చూపే చక్కని భౌతికశాస్త్ర ప్రయోగం. ఒకటిన్నర మీటరు వ్యాసం గల చక్రపు చుట్టుకొలత సుమారు 471 సెంటీమీటర్లు. పట్టాను దీనికంటె కొంచెం చిన్నదిగా చేసి నిప్పుల్లో కాలుస్తారు. వేడి 400 డిగ్రీలు పెరిగితే ఇనుము వ్యాకోచించి పట్టా చుట్టుకొలత సుమారు 2 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. అప్పుడు చక్రంమీద ఎక్కించి నీళ్లు పోస్తే, అది సంకోచించి ఆకులను, పూటీలను బిగించి పట్టుకొంటుంది. ఊళ్లోనే బాగుచేసుకోవచ్చు, ముల్లు గుచ్చుకొంటుందన్న భయం లేదు. అయితే సన్నని పట్టా మెత్తని నేలలో దిగబడుతుంది. తాను చేసిన గాడినుంచి తానే ఎక్కుతూ పోవలసిన దుస్థితి చక్రానికి కలుగుతుంది.

గాలి నింపిన టైరు 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ చేతిలో వాడుకకు వచ్చింది. అంతకుముందే 1840లలో రాబర్ట్ విలియం థామ్సన్ ఇట్టి టైరుకు పేటెంటు పొందినాడు గాని అది వ్యాప్తి చెందలేదు. ఈ టైరు వెడల్పుగా నేలనానుకొని బరువును పంచుతుంది. కాబట్టి తక్కువ దిగబడుతుంది. కాని రబ్బరు చక్రం కట్టెచక్రంకంటె చిన్నది. వ్యాసార్ధం సగమైతే ఇరుసు ఘర్షణ అంచుదగ్గర రెట్టింపుగా తోస్తుంది. అందుచేత రబ్బరు చక్రానికి బాల్ బేరింగులు విలాసం కావు, అవసరం. పంపు, అతుకు సామాను కూడా బండితో ఉండాలి. చక్రం తేలికగా దొర్లుతుంది కనుక దిగువలో బండి మరింత తోస్తుంది. రబ్బరు టైర్లు కొని బ్రేకు మానుకోవడం ప్రమాదకరం. తేలికైనదని రెట్టింపు సరుకు వేస్తే మిగిలిన బలమంతా మళ్లీ ఎడ్ల ఖాతాలోనే పడుతుంది.

రాత్రి కనబడడం

ఆదిలాబాదు, నిర్మల్ పట్టణాల మీదుగా 44వ జాతీయ రహదారి, కరీంనగరు మీదుగా రాజీవ్ రహదారి పోతున్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు గుర్తించి బ్రేకు తొక్కేలోగా సుమారు 25 మీటర్లు, బండి ఆగేలోగా మరి 25 మీటర్లు కావాలి. మాసిన కట్టెబండి చీకటిలో అంతదూరంనుంచి కంటబడకపోవచ్చు.

మామూలు అద్దం వెలుగును మరొకవైపు పంపుతుంది. ఒకదానికొకటి లంబంగా మూడు అద్దాలను మూలగా అమర్చితే, ఏ దిక్కునుంచి వచ్చిన కిరణమైనా ఆ దిక్కుకే తిరిగిపోతుంది. సైకిలు వెనుక ఉండే ఎర్ర బిళ్లలో ఇట్టి చిన్నచిన్న మూలలు వందలుగా ఉంటాయి. మెరిసే పట్టీలలో సన్నని గాజుపూసలో, పట్టకాలో ఈ పని చేస్తాయి. వీటికి నూనె అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. వెనుక ఎర్రవి, ముందు తెల్లవి, చక్రాల ప్రక్కన కూడా అంటించాలి. వేలాడే గడ్డి కప్పివేయని చోట పెట్టి, బురదను తుడుస్తూ ఉండాలి.

ఎండ, నీరు

భారతదేశంలో లాగుడు, మోత జంతువులను హింసించకుండా 1965లో నియమాలు చేశారు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 గంటల వరకు ఎడ్లను కట్టకూడదని వాటిలో ఉన్నది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతానికి ఇది ముఖ్యమైన నియమం. కనుక ఒక నీళ్ల డబ్బా, తాగించే తొట్టి బండి సామానులో చేరవలసినవే.

ఏది ముందు?

పై లెక్కలను బట్టి వరుస ఏర్పడుతుంది. మొదట కందెన, ఊతకర్ర, మెరిసే పట్టీలు, నీళ్ల తొట్టి. ఇవి కొద్ది ఖర్చుతో అయ్యేవి. తరువాత నునుపైన కాడి, రెండువైపుల బ్రేకు. ఆ పిమ్మట నేలను బట్టి, డబ్బును బట్టి బేరింగులతో కూడిన రబ్బరు చక్రాలు. గజ్జెలు, కుప్పెలు చివరకు. పొలాల అమావాస్యనాడు ఎడ్లను అలంకరించి పూజించడం మంచి ఆచారం. తక్కిన దినాల్లో వాటి మెడను కాపాడడం కూడా ఆ పూజలో భాగమే.

ఈ పాఠాన్ని తరగతిలోనే పరీక్షించవచ్చు. ఒక బొమ్మబండికి రాళ్లు నింపి, స్ప్రింగు త్రాసుతో లాగి, బల్లమీద, ఇసుకలో, ఏటవాలు పలకమీద ఎంత బలం కావలసివచ్చిందో విద్యార్థులు పట్టిక వ్రాయాలి. ఇరుసుకు చుక్క నూనె వేసి మళ్లీ లాగాలి. రాళ్లను ముందుకు, వెనుకకు జరిపి, నొగ కొనను త్రాసుకు తగిలించి చూడాలి. అంకెలు సిద్ధమయ్యాక ఊరిలో బండి ఉన్న రైతుకు చూపడం ఆ ప్రయోగంలో చివరి అంశం.